ముందు ఆయ్ అనండి

భూలక్ష్మి మేడం నర్సింగు పిల్లలకు మొట్టమొదట నేర్పేది నాడి చూడటం కాదు, బీపీ చూడటమూ కాదు. ఆయ్ అనడం నేర్పేది.

కోనసీమలో పుట్టిన పిల్లకు ఆయ్ అనడం ఇంకొకరు నేర్పాలా అని మీరు నవ్వవచ్చు. నిజమే, ఇక్కడ ఆ మాట ఉగ్గుపాలతోనే వస్తుంది. పెద్దవాళ్ళు ఏం చెప్పినా చిత్తమనీ, విన్నామనీ, మీ మాట దాటమనీ అన్నీ కలిపి ఒక్క ఆయ్‌లో చుట్టి ఇచ్చేస్తాం. తెలీదనడం, కాదనడం మాకు చేతకాదు. చేతనైనవాళ్ళు కనిపిస్తే వీళ్ళది ఏ ఊరో అనుకుంటాం. భూలక్ష్మి నేర్పేది దానికంటే ఒక మెట్టు పైది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కళ్ళు దించకుండా, గొంతు వణక్కుండా అనే ఆయ్.

దానికో కారణం ఉంది. అమలాపురం శివార్లలో ఆ నర్సింగు కాలేజీ, దాన్ని ఆనుకునే అదే యాజమాన్యం వారి ఆస్పత్రి. అక్కడి పెద్ద డాక్టరు రాఘవులు గారు. హస్తవాసి మంచిది, నోరే మంచిది కాదు. రౌండ్సుకు వచ్చారంటే గుక్క తిప్పుకోకుండా ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోతారు. ఏ పిల్లయినా "ఏంటండీ?" అని తిరిగి అడిగిందా, అయిపోయిందే. "నీకు నర్సింగెందుకమ్మా, చెరువుల దగ్గరికి పోయి రొయ్యల తలలు తీసుకో" అని రోగుల ముందే కడిగేస్తారు. తెలుగు మీడియంలో చదువుకుని, కొత్తగా వార్డులో అడుగుపెట్టిన పిల్లకు ఆ మాట ఎక్కడ తగులుతుందో చెప్పక్కర్లేదు. నిజంగానే రొయ్యల తలలు తీసి చదివించిన తల్లులు ఉన్నారు మరి. ఆ మాట పడ్డ పిల్ల ఆ వారమే పెట్టె సర్దుకునేది. ఏటేటా కొందరు అలా వెళ్ళిపోయేవాళ్ళు.

భూలక్ష్మి ట్యూటరుగా చేరాక ఇది చూసి చూసి ఒక ఉపాయం కనిపెట్టింది. "డాక్టరు గారు ఏం చెప్పినా ముందు ఆయ్ అనండి. ఆయన పక్క మంచానికి వెళ్ళేక నా దగ్గరికి రండి. నేను విడమరిచి చెప్తాను" అని పిల్లలకు కట్టడి చేసింది. వార్డులో ఓ మూల స్టూలు మీద ఆవిడ కూర్చునేది. పిల్లలు ఒకరి వెనుక ఒకరు వచ్చి చెవిలో అడిగేవాళ్ళు, ఆవిడ చెప్పేది, వాళ్ళు వెళ్ళి చేసేవాళ్ళు. డాక్టరు గారికి కోపం లేదు, పిల్లలకు కన్నీళ్ళు లేవు. ఆ తర్వాత హాస్టలు వదిలి వెళ్ళిన పిల్ల లేదు. కాలేజీ వార్షికోత్సవంలో ఛైర్మన్ గారు ఆవిడకు శాలువా కప్పి, "పిల్లలకి ధైర్యం చెప్పడంలో మా భూలక్ష్మి గారి తరవాతే ఎవరైనానండీ" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. మరి ఆవిడకు ధైర్యం చెప్పేదెవరో ఎవరికీ తోచలేదు.

ఎందుకంటే భూలక్ష్మి అక్కడ ఉండాలని ఉన్న మనిషి కాదు. భర్త హరిబాబు కాకినాడలో రొయ్యల ఎగుమతి కంపెనీలో పని చేస్తున్నాడు. మూడో తరగతి చదివే కూతురు సత్యశ్రీ తండ్రి దగ్గరే ఉంది. ఈవిడ పేరుకు ట్యూటరు, పనికి ట్యూటరూ వార్డెనూ కూడా. పొద్దుగూకగానే హాస్టలు గేటుకు తాళం వేస్తుంది. తాళం వేసేవాళ్ళు బయట ఉంటారని లోకం అనుకుంటుంది. ఇక్కడ వేసే మనిషి కూడా లోపలే. శనివారం సాయంత్రం ఎవరైనా కాస్త చూసుకుంటామంటేనే కాకినాడ బస్సు, లేకపోతే ఆ వారం కూడా అంతే సంగతులు.

మానేసి వెళ్ళిపోవచ్చు కదా అంటారేమో. చేరిననాడే ఆవిడ చదువు సర్టిఫికెట్లన్నీ ఛైర్మన్ గారి గదిలో ఇనుప బీరువాలోకి వెళ్ళాయి. ఇది చట్టంలో లేదు, ఆచారంలో ఉంది. అవి లేకుండా ఇంకోచోట గుమాస్తా ఉద్యోగం కూడా రాదు. ఛైర్మన్ వీరవెంకటసత్యనారాయణ గారిది మండపేట, రైసుమిల్లుల కుటుంబం. ఆయన గొంతు పెంచగా ఎవరూ వినలేదు. గొంతు పెంచేవాడితో పోట్లాడవచ్చు. "అమ్మా భూలక్ష్మి గారూ, మిమ్మల్ని పంపించనంటానా, మీరు మా ఇంటి ఆడపడుచండీ" అనేవాడితో ఏం పోట్లాడతాం?

ఆ ఏడు ఎలాగో దారి దొరికింది. కాకినాడలో ఒక నర్సింగు కాలేజీ వాళ్ళు జూన్‌లో వచ్చి చేరమన్నారు. ఇల్లు అక్కడికి నడిచేంత దూరం. భూలక్ష్మి ఛైర్మన్ గారిని అడిగింది. ఆయన, "నర్సింగు కౌన్సిల్ వాళ్ళ ఇనస్పెక్షన్ ఒక్కటి అయిపోనివ్వండమ్మా. మర్నాడే మీ కాగితాలు మీ చేతిలో పెడతాను" అన్నారు. మాట ఇస్తే తప్పే మనిషి కాదాయన. ఆ రాత్రి భూలక్ష్మి కూతురికి ఫోన్ చేసి, జూన్ నుంచి రోజూ జడ నేనే వేస్తానని చెప్పింది.

ఇనస్పెక్షన్ ముందురోజు మధ్యాహ్నం ఆవిడ వార్డులో స్టూలు మీద ఉండగా అటెండరు వచ్చి, "ఛైర్మన్ గారు ల్యాబుకి రమ్మంటున్నారండి, అర్జంటండి" అన్నాడు. వార్డులో ఉన్నది రెండో సంవత్సరం పిల్లలు. ఉన్న ఒక్క స్టాఫ్ నర్సు కాన్పుల గదిలో ఉంది. పిల్లల్ని వదిలి రానని భూలక్ష్మి అనాల్సింది. అనలేదు. నేర్పే మనిషికి అలవాటు ఇంకా ఎక్కువ. "ఆయ్, వస్తున్నానని చెప్పు" అంది.

ల్యాబులో పని ఏమిటంటే, పిల్లలు నేర్చుకోవడానికని కొన్న రోగి బొమ్మను ప్లాస్టిక్ కవరులోంచి బయటికి తీయడం. కొన్ననాటి నుంచీ పాడవుతుందని ఆ కవరు విప్పనివ్వలేదు. రేపు వచ్చేవాళ్ళకు అది వాడినట్టు కనిపించాలట. భూలక్ష్మి బొమ్మకు దుమ్ము తుడిచి, మంచం మీద పడుకోబెట్టి, దుప్పటి కాస్త నలిపింది. ఛైర్మన్ గారు దగ్గరుండి, "ఇంకాస్త నలపండమ్మా" అన్నారు.

ఆ వేళలోనే వార్డుకు రాఘవులు గారు వచ్చారు. కొత్తపేట నుంచి వాంతులు, విరేచనాలతో వచ్చి చేరిన కుమారస్వామి అనే పెద్దాయనకు సెలైన్ ఎక్కుతోంది. డాక్టరు గారు గుండె మీద స్టెత్ పెట్టి విని, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందని గ్రహించి, మంచం పక్కనున్న మరిడమ్మతో "డ్రిప్ కేవీఓలో పెట్టు" అని ఇంగ్లీషులో చెప్పి వెళ్ళిపోయారు. సూది మూసుకుపోకుండా ఉండేటంత మాత్రమే వదలమని దానర్థం, చుక్క తర్వాత చుక్క. ఆ మూడక్షరాలు మరిడమ్మ అంతకుముందు వినలేదు. ఓడలరేవులో వేటకు వెళ్ళే కుటుంబం పిల్ల, ఆ ఇంట్లో ఇంటరు దాటిన మొదటి మనిషి. నేర్పినట్టే కళ్ళు దించకుండా, గొంతు వణక్కుండా "ఆయ్ అండీ" అంది. నేర్పినట్టే స్టూలు దగ్గరికి వెళ్ళింది. స్టూలు మీద ఎవరూ లేరు.

కాన్పుల గది తలుపు దగ్గర నిలబడింది. లోపల కేకలు, తలుపు తీసేవాళ్ళు లేరు. వార్డు వదిలి వెళ్ళకూడదని రూలు. వార్డులో ఫోను ఉండకూడదని ఇంకో రూలు. తోటి పిల్లను అడిగితే దానికీ తెలీదు. డాక్టరు గారి వెనుక పరిగెత్తి మళ్ళీ అడగవచ్చు. కానీ ఆయ్ అనేశాక అడగడం ఆ పిల్లకు ఊహలో కూడా రాలేదు. ఇప్పుడొస్తారు మేడం, ఇప్పుడొస్తారు అని గుమ్మం వైపు చూస్తూ నిలబడింది. సెలైన్ అదే వేగంతో దిగుతోంది.

పెద్దాయనకు ఆయాసం ముంచుకొచ్చింది. ఆయన కూతురు కేకలు పెడితే డాక్టరు గారు పరిగెత్తుకొచ్చారు. ఆక్సిజన్ పెట్టి, ఇంజెక్షన్లు చేసి, ఎలాగో ఒడ్డుకు లాగారు. పెద్దాయన బతికాడు, అదొక్కటే మేలు. డాక్టరు గారు చేతులు తుడుచుకుంటూ అన్న మాట ఒక్కటే. "నేను చెప్పేను. ఈ అమ్మాయి ఆయ్ అంది." అందులో అబద్ధం లేదు.

సాయంత్రం ఛైర్మన్ గారు భూలక్ష్మిని పిలిచి కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారు. "అమ్మాయి తండ్రికి కబురు పెట్టేమండి, రేపొద్దున్న వస్తాడు. తీసుకెళ్ళిపోమందాం. మీరు వార్డులోనే ఉన్నారు, అమ్మాయి మిమ్మల్ని అడక్కుండా ఊరుకుంది, అడిగినవాళ్ళకి ఇంతే చెప్దామండి. ఇంకెవరి పేరూ బయటికి రాదు. మధ్యాహ్నం ఇనస్పెక్షన్ అయిపోతుంది. ఎల్లుండి మీరు కాకినాడలో ఉంటారు." భూలక్ష్మి మజ్జిగ తాగింది. ఏమీ అనలేదు. అనకపోవడం కూడా ఒప్పుకోవడమేనని ఇద్దరికీ తెలుసు.

హాస్టలుకు వెళ్ళేసరికి మరిడమ్మ రేకు పెట్టె సర్దుకుని దాని మీదే కూర్చుని ఉంది. మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది.

"మా పిన్ని కువైట్‌లో ఉందండి. ఇంటిపనికి వచ్చేయమంటందండి. వెళ్ళిపోతానండి."

"అన్నం తిన్నావా?"

"ఆయన చచ్చిపోతే నేనే చంపినట్టు గదండీ?"

"బతికేరు గదమ్మా."

"మీరు చెప్పినట్టే చేసేనండి. ముందు ఆయ్ అన్నానండి. తరవాత మీ దగ్గరికొచ్చేనండి. మీరు లేరండి."

ఆ మాటలో నిష్ఠూరం ఉంటే భూలక్ష్మికి సుఖంగా ఉండేది. ఎదురు చెప్పవచ్చు, కసరవచ్చు. పిల్ల తప్పు తనదే అనుకుంటూ, ఎక్కడ చేశానా అని వెతుక్కుంటోంది. పిల్లలు దెబ్బ తినకూడదని కట్టిన గోడ ఆ పిల్ల మీదే కూలింది. కట్టింది తను. భూలక్ష్మికి ఆ రాత్రి తన మీద తనకు అసహ్యం వేసింది. అయినా పొద్దున్నే లేచేసరికి మనసు మళ్ళీ కాకినాడ మీదికే పోయింది. మనసంటే అంతే, దానికి సిగ్గుండదు.

మరిడమ్మ తండ్రి అంజిబాబు తెల్లారేసరికి వచ్చేశాడు. ఇస్త్రీ చొక్కా, భుజాన తువ్వాలు. ఛైర్మన్ గారు తన గదిలో కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీ అమ్మాయి మంచిదేనండి. ఈ చదువు తనకి పడలేదు. ఇంటికి తీసుకెళ్ళండి, మనసు కుదుటపడుద్ది."

"ఆయ్ బాబు."

"ఎవరికీ మాట రాకుండా పంపించేస్తున్నాం."

"ఆయ్. తవరి దయండి."

"పెద్దాయనకేదన్నా అయ్యుంటే మనందరి గతీ ఏమయ్యేదో ఆలోచించండి."

"ఆయ్ బాబు, ఆయ్."

భూలక్ష్మి గోడ వారగా నిలబడి వింటోంది. అంజిబాబుకు ఏమీ అర్థం కాలేదని ఆవిడకు తెలుస్తూనే ఉంది. కూతురు ఏం చేసింది, ఎందుకు చేసింది, ఎవరుండాలి, ఎవరు లేరు, ఒక్కటీ తెలీదు. తెలీదనడం రాదు. ఇంకొక్క ఆయ్ అన్నాడంటే ఆ పిల్ల చదువు ముగిసిపోతుంది.

"అంజిబాబు గారూ, ఆయ్ అనకండి," అనేసింది భూలక్ష్మి.

గదిలో ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మీ అమ్మాయి తప్పు లేదండి. ఆ వేళప్పుడు వార్డులో నేనుండాలి. ఛైర్మన్ గారు పిలిస్తే ల్యాబుకి వెళ్ళేను. అర్థం కాకపోయినా ఆయ్ అనమని నేర్పింది కూడా నేనే. ఎవరన్నా ఇంటికెళ్ళాలంటే నేనెళ్ళాలండి."

ఛైర్మన్ గారికి కోపం రాలేదు. వస్తే బాగుండేది. "అంజిబాబు గారికి టీ ఇప్పించండి" అని ఆయన్ను బయటికి పంపి, బీరువా తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు.

"నిజం చెప్పేరు, సంతోషం. మరి అమ్మాయిని ఉంచుదాం. కానీ ఇంత జరిగేక మీరు వెళ్ళిపోతే మిగతా తల్లిదండ్రులు ఏమనుకుంటారండీ? ఆ పిల్లకి పూచీ ఎవరు? మీరే ఉండాలి. ఆ అమ్మాయి కోర్సు పాసై గేటు దాటిన రోజున మీ కాగితాలు మీకిచ్చేస్తాను. కాదంటారా, ఇదిగో తాళం, ఇప్పుడే తీసుకోండి. మీరు కాకినాడ వెళ్తారు, అమ్మాయి ఓడలరేవు వెళ్తుంది. నేను బలవంతం చెయ్యనండీ, మీ ఇష్టం."

అడకత్తెరలో పోకచెక్క అంటారే, అలా ఇరుక్కుపోయింది. నిజం చెప్పేస్తే ఎలాగోలా తేలిపోతుందనుకుంది. ఉద్యోగం పోయినా సరేననుకుంది. పోగొట్టుకోవడానికి సిద్ధపడిన మనిషిని ఉండిపొమ్మంటే ఏం చేస్తుంది? కిటికీలోంచి చూస్తే బయట అంజిబాబు టీ గ్లాసు కూతురికి ఇస్తున్నాడు. ఆ పిల్ల తాగనంటోంది. సత్యశ్రీకి వేస్తానన్న జడ గుర్తొచ్చి భూలక్ష్మికి కళ్ళు మండాయి. నాలుగేళ్ళ కోర్సులో ఇంకా రెండేళ్ళ పైమాటే.

"ఉంటానండి," అంది.

హరిబాబు ఫోనులో అంతా విన్నాడు. తరవాత, "ఆ పిల్ల మన పిల్లా?" అన్నాడు. కాదు. భూలక్ష్మి తాళం తీసుకుని గేటు దగ్గరికి నడిచింది.

మంచిపని చేసిన మనిషికి మనశ్శాంతి ఉంటుందని చెప్పేవాళ్ళను ఆ నెల్లాళ్ళూ ఆ హాస్టల్లో ఉంచాల్సింది. భూలక్ష్మికి మరిడమ్మ మొహం చూస్తే ఒళ్ళు మండేది. ఆ పిల్ల నవ్వితే మంట, చక్కగా అన్నం తింటే మంట. ఆ పిల్లకు ఈ బేరం సంగతి తెలీదు. మేడం గారు నా కోసం మాట్లాడేరు, ఛైర్మన్ గారు మంచోరు, అంతే తెలుసు. తెలీనందుకు కూడా మంటే.

కానీ పని పనే. పాత కట్టడి తీసేసి కొత్తది పెట్టింది భూలక్ష్మి. అర్థమైతే తప్ప ఆయ్ అనకూడదు. ఎవరేం చెప్పినా, విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి, సరేనా అని అడగాలి. చెప్పినవాళ్ళు సరే అన్నాకే కదలాలి. ఇంకా తెలియకపోతే నన్నేం చెయ్యమంటారని అడగాలి. రాఘవులు గారు వార్డు దద్దరిల్లేలా అరిచారు. పిల్లలు మళ్ళీ ఏడుపులు మొదలుపెట్టారు. రూతు అనే మొదటి సంవత్సరం పిల్ల ఇంటికే వెళ్ళిపోయింది. అరుపు ఆగదని తేలాక, అరుపు తినడమే నేర్పాలనుకుంది భూలక్ష్మి. సాయంత్రాలు హాస్టలు భోజనాల గదిలో తెల్లకోటు వేసుకుని డాక్టరు గారిలా తయారయ్యేది. ఒక్కొక్క పిల్లనూ ముందు నిలబెట్టి, ఇంగ్లీషు, తెలుగు కలిపి తిట్లు అందుకునేది. ఆ పిల్ల ఏడవకుండా తిరిగి చెప్పాలి. మిగతావాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. మేడం గారు అచ్చం డాక్టరు గారేనండీ అనేవాళ్ళు. అంత బాగా అరవడం తనకెలా వచ్చిందో భూలక్ష్మికి తెలుసు. రోజంతా ఎక్కడా అరవడానికి లేదు మరి.

ఒక శనివారం సత్యశ్రీ స్కూల్లో వార్షికోత్సవం. పిల్ల డాన్సు చేస్తోంది. వార్డెను పని చూసేవాళ్ళు లేక భూలక్ష్మి వెళ్ళలేకపోయింది. ఫోను చేసి ఏదో సర్దిచెప్పబోతే, ఆ పిల్ల పెద్దదానిలా, "పర్లేదండి, మీకు పనుంటుంది కదండీ" అంది. ఎప్పుడూ అమ్మా రావే అనే పిల్ల. ఇంటికొచ్చిపోయే చుట్టాలతో మాట్లాడినట్టు మాట్లాడింది. భూలక్ష్మి ఫోను పెట్టేసి, తెల్లకోటు వేసుకుని భోజనాల గదిలోకి వచ్చింది. వరసలో ముందున్నది మరిడమ్మ.

"ఏమ్మా, డ్రిప్ ఎంతలో పెట్టమన్నాను? చెవిలో ఏం పెట్టుకున్నావు? నీకు నర్సింగెందుకు?" అని మామూలుగానే మొదలుపెట్టింది. పిల్లలు నవ్వారు. ఇక అక్కడ ఆపలేకపోయింది. "నీ వల్లే కదా నేనిక్కడ పడి ఉన్నాను! ఈపాటికి నా పిల్ల దగ్గర ఉండేదాన్ని. నువ్వు పాసయ్యేదాకా నన్నీ గేటు దాటనివ్వరు. నీ వల్ల, నీ ఒక్కదాని వల్ల!"

ఒకరిద్దరు ఇంకా నవ్వుతున్నారు. తరవాత వాళ్ళూ ఆగిపోయారు. మరిడమ్మ మొహం పాలిపోయింది. కానీ కళ్ళు దించలేదు, ఏడవలేదు. రెండు చేతులూ ఏప్రాన్ పక్కన బిగించుకుని, నేర్పినట్టే, విన్నది తిరిగి చెప్పింది.

"నా వల్ల మీరు మీ పాపని వదిలేసి ఇక్కడ ఉండిపోయేరండి. నేను పాసయ్యేదాకా మిమ్మల్ని పంపించరండి. నేను విన్నది సరేనాండి?"

చెప్పినవాళ్ళు జవాబు ఇవ్వాలి. ఆ రూలు పెట్టింది భూలక్ష్మే. కాదు, వేళాకోళానికన్నాను అని దాటేయవచ్చు. అన్నిసార్లు అరిచి, ఏడిపించి, నిలబెట్టి తను తయారుచేసిన పిల్ల ఎదురుగా నిలబడి జవాబు కోసం చూస్తోంది. అబద్ధం నోటికి రాలేదు.

"సరే," అంది. "సరిగ్గానే విన్నావు."

"మరి నన్నేం చెయ్యమంటారండి?"

భూలక్ష్మి బల్ల మీద కూలబడింది. కోపం ఎటు పోయిందో పోయింది. అలసట మిగిలింది.

"పాసవ్వు. ఒక్క సబ్జెక్టు కూడా ఉంచకు. నువ్వు తప్పితే నేనూ ఇక్కడే."

"ఒక్క సబ్జెక్టు కూడా ఉంచకూడదండి," అని తిరిగి చెప్పింది మరిడమ్మ. గొంతు అప్పుడు వణికింది. వెనక్కి వెళ్ళి కూర్చుని, పుస్తకం తెరిచింది.